మావయ్యగారు సాళ్లంటారు, నేను కలిపి వేద్దామంటాను

గుంటూరు శివారు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆమె స్కూలు టీచరు, పుట్టిల్లు కోనసీమ. భర్తది ప్రైవేటు ఉద్యోగం, ఐదేళ్ల పాప ఉంది. ఇంటి వెనక రెండు సెంట్ల పెరడు. రెండేళ్ల కిందట అత్తమామలు పల్నాడు నుంచి వచ్చి వీళ్లతోనే ఉంటున్నారు. మావయ్యగారు జీవితమంతా మిరప, పత్తి పండించిన రైతు. 2021లో నల్ల తామర పురుగు మిరప చేలను ఊడ్చేసినప్పుడు ఆయన చేనూ పోయింది. ఆ దెబ్బతోనే కొన్నాళ్లకు పొలం కౌలుకిచ్చి కొడుకు దగ్గరికి వచ్చేశారు.

ఈమె పుట్టింట్లో లాగా పెరట్లో అన్నీ కలిపి వేయాలనుకున్నారు. ఏ మొక్క పక్కన ఏ మొక్క బాగుంటుందో చెప్పే పట్టిక ఒకటి ఫోన్లో దొరికింది. దాన్ని చూసి టమాటా, వంగ, మిరప పక్కపక్కనే వేశారు. మధ్యలో తులసి, బంతి పెట్టారు. మొక్కజొన్న మీదికి చిక్కుడు పాకించి, కింద గుమ్మడి గింజలు నాటారు. మునగ చెట్టు కింద తోటకూర, గోంగూర చల్లారు. ఏం జరిగిందో ఆమె మాటల్లోనే చదవండి: "వంగ మొక్కలు పచ్చగా ఉండగానే వాలిపోయాయి. టమాటా పొడుగ్గా సాగింది గానీ కాయ లేదు. జనవరిలో పెట్టిన చిక్కుడు మొక్కజొన్నను పడదోసి పక్కనున్న పందిరంతా అల్లుకుంది, శ్రావణం వచ్చినా ఒక్క పువ్వు లేదు. బీర పూసింది, పిందె నిలవలేదు."

మావయ్యగారు "ఇది తోటా, అడవా?" అన్నారట. ఒకరోజు ఆమె స్కూల్లో ఉండగా బంతి మొక్కలు పీకేసి, తాడు పట్టి సాళ్లు తీశారు. మరోరోజు పేనుబంక కనిపించిందని ఊరి నుంచి తెచ్చుకున్న మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు సీసా తీసి కొట్టారు. సాయంత్రం ఆమె తోటకూర కోయబోతే మందు వాసన. కోసిందంతా పారేశారు. "తిండి పారేసే ఇల్లు బాగుపడదు" అని ఆయన, "పాపకు మందు పెట్టమంటారా?" అని ఈమె. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అత్తయ్యగారు కల్పించుకోరు. భర్త "మొక్కల గొడవ మీరిద్దరూ తేల్చుకోండి" అన్నారు. పెరడు ఆయనకు వదిలేసి డాబా మీదికి పోవాలా, చెరి సగం చేసుకోవాలా, అసలు కలిపి వేయాలనుకోవడమే తప్పా, ఆయనతో మాట ఎలా మొదలుపెట్టాలి అని అడుగుతున్నారు.

మీ ఉత్తరంలో మూడు విషయాలు చిక్కుపడి ఉన్నాయి. మొక్కలు ఎందుకు పోయాయన్నది ఒకటి, మందు ఒకటి, పెరడు ఎవరిదన్నది ఒకటి. మీరు మూడింటినీ మావయ్యగారి ఖాతాలో రాశారు. ఆయన మూడింటినీ మీ పట్టిక ఖాతాలో రాసుంటారు. విడదీసి చూస్తే ఇద్దరి లెక్కా సగమే నిజం.

ముందు మందు సంగతి చూద్దాం, మిగతావి ఆగినా ఇది ఆగదు. తోటకూర పారేసి మంచి పని చేశారు, దానికి బాధపడొద్దు. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని మన దేశంలో 2005లోనే నిషేధం వచ్చింది. ఆ మందు అనే కాదు. ఏ సీసా మీదైనా అది ఏ పంటకు, ఎంత మోతాదు, కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలి అని రాసి ఉంటుంది. మిరప చేనులో అయితే కోత వాయిదా వేసుకోవచ్చు. పెరట్లో తోటకూర ఇవాళ, బెండకాయ రేపు, పచ్చిమిర్చి ఎప్పుడు కావాలంటే అప్పుడు కోస్తాం. అన్నీ కలిసి ఉన్న రెండు సెంట్లలో ఒక మొక్కకు కొడితే అన్నింటికీ కొట్టినట్టే. అందుకే కలిపి వేయడం, మందు కొట్టడం ఒకే పెరట్లో పొసగవు. మీ ఇంట్లో తేలాల్సిన అసలు ప్రశ్న ఇదే. సాళ్లు వంకరా తిన్ననా అన్నది దీని ముందు చాలా చిన్నది.

బీర పిందె నిలవకపోవడంలో కూడా మందు పాత్ర ఉండొచ్చు. బీర, సొర, కాకర, గుమ్మడి అన్నింటికీ మగపూలు వేరు, ఆడపూలు వేరు. మొదట కొన్నాళ్లు మగపూలే వస్తాయి, అవి రాలిపోతే కంగారు పడక్కర్లేదు. అడుగున చిన్న పిందెతో వచ్చేది ఆడపువ్వు. పురుగులు పుప్పొడి తెచ్చి అంటించకపోతే ఆ పిందె పసుపు తిరిగి రాలుతుంది. పేనుబంకకు కొట్టిన మందుకు తేనెటీగలు కూడా పోతాయి. ఈలోపు మగపువ్వు తెంపి ఆడపువ్వుకు మీరే అద్దొచ్చు. బీర, సొర సాయంత్రం విచ్చుకుంటాయి, కాకర, గుమ్మడి తెల్లవారుజామున. స్కూలు నుంచి వచ్చాక పాపతో చేయించండి, వాళ్లకు ఇలాంటివి భలే సరదా.

ఆ సీసా ఇప్పుడు ఎక్కడుందో మీరు రాయలేదు. బాత్రూం గూట్లోనో, మెట్ల కిందో ఉంటే ఇవాళే తాళం వేసిన చోటికి మార్చండి. దాన్ని కాలవలోనో డ్రైనేజీలోనో పోయొద్దు. ఏం చేయాలో దగ్గరి వ్యవసాయ అధికారిని అడగొచ్చు. ఈ పని మీరు చేయకండి, మీ ఆయన చేయాలి. మొక్కల గొడవ మీరిద్దరూ తేల్చుకోండి అనడానికి ఆయనకు హక్కుంది. ఐదేళ్ల పిల్ల తిరిగే ఇంట్లో పురుగుమందు సీసా మొక్కల గొడవ కాదు. "నాన్నా, ఇది ఇంట్లో వద్దు" అని కొడుకు చెప్పడం వేరు, కోడలు చెప్పడం వేరు. మీ నోటి నుంచి వస్తే అది మావయ్యగారికి తనకు వ్యవసాయం రాదన్నట్టు వినిపిస్తుంది.

ఇక మావయ్యగారు. మీరు ఆయన మొండితనం గురించి ఒక పేజీ రాశారు, చేను పోయిన సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేశారు. నాకు ఆ వాక్యం దగ్గరే ఆగాలనిపించింది. ఆ ఏడాది మిరప రైతులు మందు మీద మందు మార్చి కొట్టారు, అప్పు చేసి కొట్టారు, అయినా పూతలో చేరిన నల్ల తామర లొంగలేదు. అది చూసిన మనిషి ఆకు వెనక నాలుగు పురుగులు కనబడితే నిలవలేడు. మనకు అది పేనుబంక, ఆయనకు అది మళ్లీ మొదలవుతోందన్న భయం. దీంతో ఆయన చేసింది ఒప్పయిపోదు. కానీ మూర్ఖుడితో మాట్లాడే పద్ధతి ఒకటి, భయపడ్డ మనిషితో మాట్లాడే పద్ధతి ఒకటి.

ఇప్పుడు మొక్కల దగ్గరికి వస్తాను, ఇక్కడ మీకు కొంచెం చేదుగా ఉంటుంది. మీ పట్టికను పక్కన పెట్టండి. అలాంటి వాటిలో చాలావరకు వేరే దేశాల చలి తోటల కోసం రాసినవి, పరీక్షించి తేల్చినవి తక్కువ. తులసి పక్కన ఉంటే టమాటాకు ఏదో ఒరుగుతుందని గట్టిగా నమ్మలేం, తులసి తులసిగా ఉంటుంది, అంతే. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేది అమెరికా ఖండపు మూలవాసులు. దాన్ని ముగ్గురు అక్కచెల్లెళ్లు అంటారు. వాళ్ల బీన్సు తీగ సన్నం, మన పాదు చిక్కుడు బలం వేరు. దాన్ని మొక్కజొన్న మీదికి ఎక్కిస్తే పడదోయక ఏం చేస్తుంది! పూయకపోవడానికి కారణం కూడా అమాయకమైనదే. పాతకాలపు పందిరి చిక్కుడు పగలు తగ్గితేనే పూస్తుంది. జనవరిలో పెట్టినా జూన్‌లో పెట్టినా దసరా దాటాకే పూత, రథసప్తమి నాటికి కావలసినన్ని కాయలు. దాన్ని పీకొద్దు.

టమాటా, వంగ, మిరప మూడూ ఒకే కుటుంబం. ఒకదానికి వచ్చే తెగుళ్లలో చాలావరకు మిగతావాటికీ వస్తాయి, కాబట్టి వాటిని ఒకచోట గుంపుగా పెట్టడం కలిపి వేయడం కిందికి రాదు. వంగ ఎలా వాలిందో గుర్తు చేసుకోండి. చిగురు మాత్రమే వాలితే మొవ్వు తొలిచే పురుగు. వాలిన చోటికి కాస్త కిందగా తుంచి చీలిస్తే లోపల పురుగు దొరుకుతుంది, దాన్ని నాశనం చేస్తే మొక్క మళ్లీ చిగురిస్తుంది. మొక్క మొత్తం పచ్చగా ఉండగానే ఒకటి రెండు రోజుల్లో వాలిపోయిందంటే బాక్టీరియా వడలు తెగులని అనుమానించాలి. మొదలు దగ్గర కాండం కోసి గ్లాసుడు శుభ్రమైన నీళ్లలో వేలాడదీయండి. కాసేపటికి కోసిన చోటి నుంచి పాలలాంటి దారం దిగితే అదే. అప్పుడు ఆ మడిలో రెండు మూడేళ్లు ఈ మూడూ వేయొద్దు. ఆకుకూరలు, మొక్కజొన్న, చిక్కుడు జాతి, ఉల్లి వేసుకోండి. టమాటా సాగిపోవడానికి ఎండ చాలకపోవడం, దగ్గర దగ్గరగా నాటడం చాలు. టమాటాకైనా వంగకైనా మొక్కకూ మొక్కకూ సుమారు రెండడుగులు ఉండాలి, పొద్దులో ఆరు గంటలు ఎండ తగలాలి.

అంటే మీ పెరడు పాడైంది కలిపి వేసినందుకు కాదు, ఇరుకుగా వేసినందుకు. కోనసీమ తోట మీకు పచ్చదనంగా గుర్తుంది గానీ దాని వెనక లెక్క గుర్తులేదు. అక్కడ కొబ్బరి చెట్టుకూ చెట్టుకూ పాతిక అడుగుల దాకా వదులుతారు. ఆ సందుల్లోంచి దిగే ఎండలో అరటి, కోకో, కింద కంద. ఒక్కొక్కటి ఒక్కో ఎత్తులో ఉండి, ఒకదాని ఎండ ఇంకొకటి తినకుండా సర్దుకున్నవి. పైగా అది కాలవ నీళ్ల డెల్టా నేల. మీ గుంటూరు నల్లరేగడిలో నీళ్లు నిలిస్తే మిరప, ఉల్లి కుళ్లుతాయి. బోదె మీద, అంటే ఎత్తుగా ఎగదోసిన మట్టి మీద నాటమని మావయ్యగారు అంటే, ఆ మాట వినండి.

మన దగ్గర నిజంగా పనిచేసేవి కొన్ని ఉన్నాయి. బంతి వాటిలో ఒకటి, ఆయన పీకేసింది దాన్నే. కాయతొలుచు పురుగు తల్లి టమాటా కంటే బంతి మొగ్గల మీద గుడ్లు పెట్టడానికి ఇష్టపడుతుందని బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధనా సంస్థ వాళ్లు తేల్చారు. పదహారు వరుసల టమాటాకు ఒక వరుస బంతి చాలన్నారు. అయితే రెండూ ఒకేసారి పూయాలి కాబట్టి బంతి నారు 45 రోజులది, టమాటా నారు 25 రోజులది పెట్టాలి. దండలకు వాడే పొడుగు బంతి కావాలి. అన్నిటికంటే ముఖ్యం, బంతి పూలలో చేరిన పురుగుల్ని ఏరెయ్యాలి. వదిలేస్తే బంతి ఎర కాదు, పురుగుల నర్సరీ. వేసవిలో దానికి ఎర్రనల్లి కూడా పడుతుంది, అప్పుడు పీకెయ్యడమే మంచిది.

అలసంద ఇంకొకటి. దాని మీద పేనుబంక వస్తుంది, రానివ్వండి. వారం పది రోజుల్లో అక్షింతల పురుగులు వచ్చి వాటిని తింటూ అక్కడే పెరుగుతాయి, తరువాత వంగ, బెండ వైపు కూడా వెళ్తాయి. ఆ వారం ఆగడమే కష్టం. నాలుగు కొత్తిమీర మొక్కల్ని కోయకుండా పూతకు వదిలితే మేలు చేసే చిన్న ఈగలు చేరతాయి. చిక్కుడు జాతి మొక్కలు పక్కవాటికి నత్రజని ఇస్తాయంటారు. ఇస్తాయి గానీ బతికుండగా ఇచ్చేది కొంచెమే, కాపు అయ్యాక వేళ్లు నేలలో చివికితేనే ఎక్కువ. కాబట్టి కాపు అయిపోయిన అలసందను పెరకొద్దు, మొదట్లో కోసి వేరు నేలలోనే ఉంచండి.

నా దృష్టిలో కలిపి వేయడంలో అసలు లాభం పురుగుల్లో కాదు, కాలంలో ఉంది. వంగ, మిరప నారు పెట్టాక అవి గుబురయ్యేదాకా మధ్య నేల నెల పైగా ఖాళీ. ఆ సందులో తోటకూర, మెంతికూర, ముల్లంగి వేస్తే పెద్దవి విస్తరించేలోపు ఇవి కోతకు వచ్చి వెళ్లిపోతాయి. కలుపూ తగ్గుతుంది. ఇది సాళ్లలోనే చక్కగా కుదురుతుంది, గమనించారా? మావయ్యగారి సాళ్లు, మీ ఆకుకూరలు. పందిరిని ఉత్తరం వైపు పెట్టుకుంటే చలికాలంలో దక్షిణానికి ఒరిగే ఎండ మిగతా మడులకు అడ్డం లేకుండా తగులుతుంది. మునగ నీడలో గోంగూర ఎదగదు. అక్కడ బచ్చలి, చేమ, అల్లం, కంద వేయండి. కంద బచ్చలి కలిపి వండే ఇల్లు గదా మీది, కలిపి పెంచితే తప్పేముంది.

మీరడిగిన దారుల్లో సగం సగం పంచుకోవడం పైకి న్యాయంగా కనిపిస్తుంది. ఆయన సాళ్లు ఆయనవి, మీ మడులు మీవి. చిక్కేమిటంటే రెండు సెంట్లలో గాలికి గట్టు అడ్డం రాదు. ఆయన వైపు కొట్టిన మందు మీ తోటకూర మీద వాలుతుంది. మందు ఆగితేనే ఈ పంపకానికి అర్థం. ఇంకోటి, అత్తయ్యగారు ఏ వైపు బెండకాయలు వండాలి? రోజూ వంటింట్లో పోటీ మొదలవుతుంది. మీ ఇద్దరి మాటల్లో ఎంత పుల్లవిరుపు ఉందో నాకు తెలియదు గానీ, అది ఎక్కువైతే ఈ దారి వద్దు.

డాబా మీదికి వెళ్లడం మనశ్శాంతికి దగ్గర దారి. ఆకుకూరలు, పుదీనా, కొన్ని మిరప మొక్కలు సంచుల్లో బాగానే వస్తాయి. ముందు స్లాబు లీకేజీ ఉందేమో చూసుకోవాలి. గుంటూరు మే నెల ఎండకు షేడ్ నెట్ లేకపోతే సంచిలో మట్టి కాలిపోతుంది, రెండు పూటలా నీళ్లు మోయాలి, ఊరికెళ్తే ఎవరు పోస్తారన్న ప్రశ్న ఉంటుంది. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఒకటుంది. మీరు పైన పెంచినా కింద పండేది కూడా ఆ ఇంటి కంచంలోకే వస్తుంది, పాప దాన్నే తింటుంది. పైకి వెళ్తే మొక్కల గొడవ తీరుతుంది, మందు గొడవ అక్కడే ఉంటుంది. కోపంతో కాకుండా, మందు సంగతి తేలాక ఇష్టంతో వెళ్తే మాత్రం అది మంచి దారే.

మూడోది మీరు అడగలేదు. దసరా నాటికి ఒక్క కాపుకు కలిసి చేయడం. మన ప్రాంతంలో టమాటా, వంగకు చలికాలం ముందు నాటడమే అనువైన కాలం, కాబట్టి సమయం చేతిలో ఉంది. నారు, దూరాలు, బోదెలు, నీళ్లు ఆయన మాట ప్రకారం. సందుల్లో ఏ ఆకుకూర, బంతి ఎక్కడ, ఎప్పుడు కోయాలి అన్నది మీ మాట ప్రకారం. మందు సీసా మాత్రం పెరట్లోకి రాదు. తప్పదనుకుంటే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి పొద్దువాలాక కొట్టుకోవచ్చు, విచ్చుకున్న పూల మీద పడకుండా. దీనికి మీరు చెల్లించాల్సింది కూడా ఉంది. సాళ్లు ఒప్పుకోవాలి. చుట్టాలొస్తే "తోట నేనే వేశాను, మా కోడలికేం తెలుసు" అని ఆయన అంటారు, మీరు నవ్వి ఊరుకోవాలి. అది మీ వల్ల కాదనుకుంటే ముందే కాదనుకోండి, సగంలో మానేస్తే ఇప్పటికంటే చెడుతుంది. నేనైతే ఇటే మొగ్గుతాను, కానీ ఆ ఇంట్లో ఉండేది మీరు.

మాట ఎలా మొదలుపెట్టాలన్నారు. ఆర్గానిక్ అనే మాట ఎత్తకండి, ఆయనకు అది పట్నం వాళ్ల ముచ్చటలా వినిపిస్తుంది. ఆయన పొలంలోంచే మొదలుపెట్టండి. పత్తిలో కంది సాళ్లు వేసేవారా? మిరప చేను చుట్టూ జొన్నో మొక్కజొన్నో అడ్డుగా వేశారా? లద్దె పురుగు గుడ్లు పెడుతుందని చేనులో అక్కడక్కడ ఆముదం మొక్కలు ఉంచి, ఆ ఆకులు కోసి పారేసేవారా? ఆ ప్రాంతపు రైతుకు ఇవి తెలిసిన సంగతులే. అది కూడా కలిపి వేయడమే, పేరే వేరు. "బంతి కూడా మన ఆముదం లాంటిదే మావయ్యగారూ" అంటే ఒక్క వాక్యంలో ఎక్కుతుంది. మన రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు ఇరవై సెంట్లలో రకరకాల కూరగాయలు కలిపి వేసి, ఎప్పటికప్పుడు ఏదో ఒకటి అమ్ముకుంటున్నారు. ఏటీఎం మోడల్ అంటారు దాన్ని. మీ ఆయన ఆదివారం బండి మీద ఆయన్ను అలాంటి పొలానికి తీసుకెళ్తే బాగుంటుంది. రైతు మాట రైతు వింటాడు.

ఇంత చేసినా ఆయన మందు మాననంటే, వాదన పెంచకండి. ఆ పెరట్లోది పాపకు పెట్టనని ఒక్కసారి, మీ ఆయన ఎదుటే, మెల్లగా చెప్పండి. ఆకుకూరలు బయట కొనండి. పారబోయడం, సాళ్లు చెరపడం లాంటివి చేయొద్దు, ఆయన పండించినదాన్ని నలుగురిలో తక్కువ చేయొద్దు. రైతు కళ్లముందు మనవరాలు బజారు తోటకూర తింటుంటే ఆయనే అడుగుతారు. ఎన్నాళ్లకు అడుగుతారో నేను చెప్పలేను. అడిగినప్పుడు బంతి నారు సిద్ధంగా ఉండాలంటే మాత్రం, గింజలు ఈ వారమే పోసుకోవాలి.